ఈగల్ని తినే మొక్కకి ఇసుక వెతుక్కుంటూ: నా అనుభవం

నా చేతుల్లో పోయిన మొదటి వీనస్ ఫ్లైట్రాప్ (నోళ్ళలాంటి ఆకులు మూసి ఈగల్ని పట్టే మొక్క) ఖరీదు 450 రూపాయలు. సరిగ్గా పదకొండు రోజులు బతికింది. 2022 జూన్‌లో ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. చిన్న ప్లాస్టిక్ కప్పులో తడి నాచు చుట్టి పంపారు. ఆ నాచు చూసి, ఇందులో మొక్కకి బలం ఎక్కడినుంచి వస్తుందని జాలిపడి, మేడ మీద మల్లె కుండీలకి వాడే మట్టిలోకే మార్చేశాను. ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి, నీళ్ళు నిలవకుండా కాస్త ఇసుక. మా మామయ్యగారు ఇరవై ఏళ్ళుగా మల్లెలు, కరివేపాకు, దొండపాదు అన్నీ ఆ మట్టిలోనే పెంచుతున్నారు, ఒక్కటీ చావలేదు. ఇది మాత్రం ముందు నోళ్ళు నల్లబడి, తర్వాత కాడలు మెత్తబడి, చివరికి మొదలు వేలితో నొక్కితే కుళ్ళిన ఉల్లిపాయలా జారిపోయింది.

"ఎరువు వేస్తే చచ్చే మొక్క నా జీవితంలో చూళ్ళేదమ్మా" అన్నారు మామయ్యగారు.

అప్పుడు కూర్చుని చదివాను. బళ్ళో కీటకాహార మొక్కలు అని నెపెంథిస్, డ్రోసెరా, యుట్రిక్యులేరియా పేర్లు బట్టీ పట్టినవాళ్ళమే కానీ, అవి పురుగుల్ని ఎందుకు తింటాయన్నది మార్కుల కోసం రాసిన జవాబుగానే మిగిలిపోయింది. వాటి నేలలో ఏమీ ఉండదు. నత్రజని, భాస్వరం బాగా తక్కువున్న, పులుపెక్కిన బురద నేల. ఫ్లైట్రాప్ సొంత ఊరు అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినాల తీరప్రాంతం, అక్కడ ఎప్పుడూ చెమ్మగా ఉండే ఇసుక నేలలు. మట్టిలో దొరకనిది పురుగు నుంచి తీసుకోవడం నేర్చుకున్న మొక్క అది. దాని వేళ్ళకి లవణాలు పడవు. నేను వేసిన వర్మీకంపోస్టు దానికి విషమే.

రెండోసారి ఎరువు మానేశాను. కొబ్బరి పొట్టు, పెర్లైట్ అనే తేలికపాటి తెల్లగుళ్ళు సగం సగం. ఈసారి తెచ్చింది డ్రోసెరా, ఆకుల మీద జిగురు చుక్కలు మెరిసే రకం. నీళ్ళు బాగా దిగుతున్నాయి, కుండీ తేలిగ్గా ఉంది, ఈసారి గెలిచాననుకున్నాను. రెండు వారాలకి జిగురు తగ్గింది. నెలకి పూర్తిగా ఆగిపోయింది. కొత్త ఆకులు చిన్నవిగా, వంకరగా వచ్చాయి. రెండు నెలలకి అదీ పోయింది. ఫ్లైట్రాప్ గబుక్కున పోయింది కాబట్టి అంత బాధ అనిపించలేదు, ఇది మాత్రం రోజూ పొద్దున్నే కాస్త కాస్త ఎండిపోతుంటే ఆఫీసుకి వెళ్ళబుద్ధి కాలేదు.

ఇక్కడొక మాట. మొక్కల వాళ్ళందరూ "డ్రైనేజ్ బాగుండాలి" అంటారు. డ్రైనేజీ అంటే మనకి గుర్తొచ్చేది వీధి చివర మురిక్కాలవ. ఆ మాట వల్లే నేను చాలాకాలం నీళ్ళు ఎంత త్వరగా బయటికి పోతాయన్న దాని మీదే దృష్టి పెట్టాను. కానీ ఫ్లైట్రాప్, గొట్టాల్లాంటి ఆకులతో పురుగుల్ని పట్టే సరసీనియా, చాలా రకాల డ్రోసెరాలు ఎలాగూ నీళ్ళు నింపిన పళ్ళెంలోనే కూర్చుంటాయి. నీళ్ళు బయటికి పోయేదేముంది? మనం కలిపే ఇసుక, పెర్లైట్ పని వేరు. తడి మధ్యలో గాలికి కాస్త చోటు ఉంచాలి, తాము మాత్రం ఆ నీళ్ళలోకి ఏమీ వదలకూడదు. ఈ రెండో సంగతి తెలియడానికి నాకు, నీళ్ళలో కరిగిన లవణాలు ఎంతో చూపించే 300 రూపాయల టీడీఎస్ మీటర్ కావాల్సి వచ్చింది.

మీటర్ రాగానే ముందు నీళ్ళు చూశాను. మా బోరు నీళ్ళు 840 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 840 వంతులు. మేం ఉండేది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర, బోరు నీళ్ళు కాబట్టి ఆశ్చర్యం లేదు. కానీ వంటింట్లో ఆర్వో ఫిల్టర్ నీళ్ళు 62 చూపించింది. రుచి కోసం కొంచెం పచ్చినీళ్ళు కలిపే ఏర్పాటు చాలా ఫిల్టర్లలో ఉంటుందట. ఈ మొక్కలు పెంచేవాళ్ళు 50 లోపు ఉండాలంటారు. మేడ మీద డ్రమ్ములో పట్టిన వాన నీళ్ళు 14. ఆ రోజు నుంచి ఆ డ్రమ్ము నాది, బట్టలకి ముట్టుకోవద్దని ఇంట్లో చెప్పేశాను.

తర్వాత చేసిన పని చూసి ఇంట్లోవాళ్ళు నవ్వుకున్నారు. వంటింటి గట్టు మీద స్టీలు గ్లాసులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం సగం దాకా పోసి, మిగతాది వాన నీళ్ళతో నింపి, మర్నాటి దాకా వదిలేశాను. ఏటి ఇసుక, బిల్డింగ్ పనికి తెచ్చిన ఎం-శాండ్ (రాళ్ళు పొడి చేసి తయారుచేసే ఇసుక), పెర్లైట్, కొబ్బరి పొట్టు, ఇటుక ముక్కలు, బొగ్గు ముక్కలు, కాల్చిన వడ్ల ఊక. చివరి మూడూ అడీనియం, గులాబీలు పెంచేవాళ్ళు చెబితే తెచ్చినవి. ఊరికే దొరుకుతాయి, నీరూ నిలవదు, ఇంకేం కావాలని వాళ్ళ ధీమా. వాళ్ళ మొక్కలకి అది నిజమే.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి మామయ్యగారు కాల్చిన ఊక గ్లాసు చేత్తో పట్టుకుని ఉన్నారు. డికాక్షన్ అనుకున్నారట. ఇంకో నిమిషం ఆలస్యమైతే పాలు కలిపేసేవారు.

లెక్కలు చెప్తాను. కొబ్బరి పొట్టు నీళ్ళు 780. అది చూడగానే నా డ్రోసెరా ఎందుకు పోయిందో అర్థమైపోయింది. కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం లవణాలు సహజంగానే ఉంటాయి, ఉప్పునీళ్ళలో నానబెట్టిన పీచైతే ఇంకా ఎక్కువ. నేను మూడుసార్లు కడిగానని మురిసిపోయాను కానీ, కడిగింది బోరు నీళ్ళతో. కాల్చిన ఊక 400 దాటింది, బొగ్గు 260, ఇటుక 210. బూడిద క్షారం కదా, పులుపు నేల కోరుకునే మొక్కకి అదొక దెబ్బ అదనం. ఎం-శాండ్ 140, కింద పాలలాంటి దుమ్ము పేరుకుంది. ఏటి ఇసుక 96. పెర్లైట్ మాత్రం 19, అంటే వాన నీళ్ళ మీద అయిదే ఎక్కువ.

ఈ మీటర్ నీళ్ళలో ఏముందో చెప్పదు, కరెంటు ఎంత బాగా పారుతోందో కొలిచి దాన్నుంచి అంచనా కడుతుందంతే. అందుకని ఆ అంకెల్ని పట్టుకుని నేనేమీ వాదించను. కానీ 19కీ 780కీ తేడా చెప్పడానికి అది చాలు.

పెర్లైట్ ఒకటే వాడొచ్చుగా అనుకున్నాను. అది అగ్నిపర్వతాల నుంచి వచ్చిన గాజురాయి. లోపల చిక్కుకున్న కాస్త నీరు 850 డిగ్రీల పైన వేడికి ఆవిరై, వడ్లు పేలాలైనట్టు ఉబ్బుతుంది. అందుకే అంత తేలిక, అంత గాలి. నాకు దాంతో రెండు తగువులున్నాయి. సంచీ విప్పగానే లేచే దుమ్ము మొదటిది. గాజు పొడి కాబట్టి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మొదట్లో తెలీక ఒక సాయంత్రమంతా దగ్గాను. ఇప్పుడు సంచీలోనే నీళ్ళు పోసి తడిపి, మాస్కు పెట్టుకుని తీస్తాను. జల్లెడలో కడిగితే సన్న పొడి పోతుంది, అది కుండీలో ఉంటే అడుగున బురదలా దిగుతుంది. రెండోది, పైనుంచి నీళ్ళు పోసినప్పుడల్లా తేలి పైకొస్తుంది. మా ఎండకి ఆ తెల్లగుళ్ళ మీద నెల తిరిగేసరికి పచ్చని పాచి. మొక్కకి హాని లేదు, చూడ్డానికి అసహ్యం. అందుకే బరువైన ఇసుక కూడా కలపాలనుకున్నాను.

ఇసుకకి ఒక వంటింటి పరీక్ష ఉంది. పొడి ఇసుక చెంచాడు తీసుకుని దాని మీద వెనిగర్ పోయాలి. బుసబుసా పొంగితే అందులో సున్నం ఉన్నట్టు. నేను తెచ్చిన ఏటి ఇసుకలో అక్కడక్కడా చిన్న బుడగలు లేచాయి. భూతద్దంతో చూస్తే నత్తగుల్లల తునకలు. అక్వేరియం షాపులో తెల్లగా మెరిసే ఇసుక చూసి మురిసి కొన్నాను, అది సోడా పోసినట్టు పొంగింది. పగడపు పొడి, పూర్తిగా సున్నమే. ఈ పరీక్ష సున్నాన్ని పడుతుంది కానీ ఉప్పుని పట్టలేదు, కాబట్టి సముద్రపు ఇసుక తెచ్చుకుని వెనిగర్ పొంగలేదని సంబరపడొద్దు. వెనిగర్, మీటర్ రెండు పరీక్షలూ చెయ్యాల్సిందే.

కావాల్సింది సిలికా ఇసుక, అంటే దాదాపు పూర్తిగా క్వార్ట్జ్. అది నీళ్ళలో దాదాపు కరగదు, నీళ్ళకి ఏమీ ఇవ్వదు. మా పుట్టిల్లు నెల్లూరు. గూడూరు దగ్గర చిల్లకూరు, కోట వైపు సిలికా గనులున్నాయని చిన్నప్పటి నుంచీ వింటున్నదే, అక్కడి ఇసుక గాజు ఫ్యాక్టరీలకి వెళ్తుంది. తమ్ముడికి ఫోన్ చేశాను. "అక్కా, నెల్లూరు నుంచి చేపలో, మలైకాజానో తెమ్మంటారు గానీ ఇసుక తెమ్మనేది నువ్వొక్కదానివే" అని తిట్టుకుంటూనే సంక్రాంతికి అయిదు కిలోలు తెచ్చాడు. పంచదారలా తెల్లగా ఉంది. వెనిగర్ పోస్తే ఉలుకూ పలుకూ లేదు. గ్లాసు నీళ్ళు 17. ఇక తిరుగులేదనుకున్నాను.

పీట్ మాస్ తెప్పించి, ఆ ఇసుకతో సగం సగం కలిపి, రెండో ఫ్లైట్రాప్ నాటాను. పీట్ అంటే చలి దేశాల్లో నాచు వేల ఏళ్ళు బురదలో అణిగి అయ్యేది, పులుపు దానికి స్వతహాగానే ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు మాత్రం నీళ్ళని దగ్గరికి రానివ్వదు, గోరువెచ్చని నీళ్ళు పోసి ఉప్మాలా కలుపుతూ ఉండాలి. అంతా పద్ధతిగా చేశాను. రెండున్నర నెలలు బాగుంది, ఒక ఈగని కూడా పట్టింది. ఏప్రిల్‌లో వాలిపోయింది. కుండీ బోర్లించి కొడితే మిశ్రమం అచ్చులో పోసిన ఇడ్లీలా వచ్చింది, మధ్యలో విరిస్తే కుళ్ళిన గుడ్డు వాసన. ఇసుక మరీ సన్నం. పీట్ రేణువుల మధ్య ఉండాల్సిన ఖాళీల్లోకి అది దూరి, గాలి ఆడకుండా చేసింది. నీళ్ళలో ఏమీ కరగలేదు, నిజమే. కానీ నేను గాలి కోసం కలిపింది గాలినే మూసేసింది. ఆ ఒక్క రోజు మాత్రం ఈ హాబీ మానేద్దామనుకున్నాను.

మానలేదు లెండి. నీళ్ళ ఫిల్టర్లలో నింపే ఇసుక, రాళ్ళు అమ్మే షాపుకి వెళ్ళి ముతక సిలికా అడిగాను. అక్కడ మూడు నాలుగు సైజుల్లో సంచులున్నాయి. ఏ సైజు కావాలంటే నంబరు తెలీక, "బొంబాయి రవ్వ కన్నా పెద్దది, సగ్గుబియ్యం కన్నా చిన్నది" అన్నాను. షాపాయన అర్థమైందన్నట్టు తలూపి సరైన సంచీయే తీశాడు. ఒక మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా ఉన్న గింజలు. ఇరవై కిలోల కన్నా తక్కువ ఇవ్వనన్నాడు. ఇప్పటికీ సగం మిగిలే ఉంది, ఈ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తాను.

ఈ మధ్యలోనే ఇంకో పాత అలవాటు వదిలింది. కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయని మామయ్యగారు, నేను, మా వీధిలో అందరూ నమ్మేవాళ్ళం. గిన్నెలు తోమే స్పాంజి ఆ నమ్మకం పోగొట్టింది. తడి స్పాంజిని బల్లపరుపుగా పట్టుకోండి, కొన్ని చుక్కలు కారి ఆగిపోతుంది. అదే స్పాంజిని నిలువుగా తిప్పండి, మళ్ళీ ధారగా కారుతుంది. సన్నని పదార్థం అడుగున కొంత ఎత్తు దాకా నీళ్ళని పట్టి ఉంచుకుంటుంది. దాని కింద రాళ్ళు పెడితే, పైన పూర్తిగా నానేదాకా నీళ్ళు రాళ్ళలోకి దిగవు. అంటే ఆ తడి పొర పోదు, రాళ్ళ ఎత్తున పైకి జరిగి వేళ్ళకి ఇంకా దగ్గరౌతుంది. మామయ్యగారికి వంటింట్లో స్పాంజితోనే చేసి చూపించాను. రెండుసార్లు తిప్పి తిప్పి చూసి, "అయితే ఇన్నాళ్ళు రాళ్ళు మోసింది దండగేనా" అన్నారు. ఫ్లైట్రాప్‌కి ఇప్పుడు రాళ్ళు లేవు, పొడవాటి కుండీ ఉంది. ఎత్తు ఎక్కువైతే తడి పొర కింద ఉండిపోతుంది, పైన వేళ్ళకి గాలి దొరుకుతుంది.

వర్మిక్యులైట్ గురించి రెండు ముక్కలు. నర్సరీ వాళ్ళు పెర్లైట్ లేదంటే అది అంటగడతారు. అది తడిని, లవణాలని పట్టుకునే పదార్థం, వేళ్ళతో నలిపితే పొరలు పొరలుగా చితికిపోతుంది. విత్తనాలకి మంచిది, వీటికి వద్దు. అలాగే "రెడీ మిక్స్" సంచుల్లో పెర్లైట్ కనిపించిందని కొనెయ్యకండి, నేను కొన్నదాంట్లో పసుపు రంగు చిన్న గుళికలున్నాయి, నెమ్మదిగా కరిగే ఎరువు.

నెపెంథిస్ కథ వేరు. సంచుల్లా బూరలు వేలాడతాయి కదా, మన దేశంలో సహజంగా పెరిగేది ఒకే ఒక్క రకం, మేఘాలయ కొండల్లో నెపెంథిస్ ఖాసియానా. అక్కడి గారో తెగవాళ్ళు దాన్ని మెమాంగ్ కోక్సి అంటారు, దయ్యం బుట్ట అని. దాన్ని అడవి నుంచి తేకూడదు, అంతరించిపోయే జాతుల్లో దానికి గట్టి రక్షణ ఉంది. నా దగ్గరున్నది నర్సరీల్లో మామూలుగా దొరికే వెంట్రాటా అనే సంకరం. ఇది నీళ్ళ పళ్ళెంలో కూర్చోదు. వేళ్ళకి తడి కావాలి, అయినా ఎప్పుడూ గాలి ఆడుతూ ఉండాలి. అందుకని ఇక్కడ ఇసుక అస్సలు వాడలేదు. పొడవు పోగుల స్ఫాగ్నమ్ నాచు రెండు వంతులు, ముతక పెర్లైట్ ఒక వంతు, కొబ్బరి చిప్స్ (కొబ్బరి పీచు ముక్కలు) ఒక వంతు. చిప్స్‌ని వాన నీళ్ళలో నానబెట్టి, పారబోసి, మళ్ళీ నానబెట్టి, మీటర్ 40 లోపు చూపించేదాకా వదల్లేదు. తొమ్మిది రోజులు పట్టింది. ఆ వారం మేడ మీద బకెట్ల వరస చూసి పైవాళ్ళు నీళ్ళు రావట్లేదా అని అడిగారు.

ఫ్లైట్రాప్‌కి, సరసీనియాకి పీట్ రెండు వంతులు, ముతక సిలికా ఒక వంతు, పెర్లైట్ ఒక వంతు. చలి దేశాల వాళ్ళు పీట్ ఇంకాస్త ఎక్కువ వేస్తారు. మన మే నెల 42 డిగ్రీల్లో పళ్ళెం నీళ్ళు చేయి పెడితే వెచ్చగా తగులుతాయి, వెచ్చని నీళ్ళలో గాలి తక్కువ, వేళ్ళు ఇట్టే కుళ్ళుతాయి. అందుకే నేను సగం ఖాళీలకే ఓటేశాను. డ్రోసెరాలకి పీట్, సిలికా సగం సగం, అంతే. మట్టి కుండీలు మానేసి ప్లాస్టిక్‌వే వాడుతున్నాను. మట్టి కుండీ బయట పూసే తెల్లని పొర మీరూ చూసే ఉంటారు, అది లవణమే.

నీళ్ళ పళ్ళెంలో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని నేను ఆలస్యంగా గుర్తించాను. మామూలు కుండీలో మనం పోసిన నీళ్ళతో పాటు కొంత లవణం అడుగునుంచి కొట్టుకుపోతుంది. పళ్ళెంలో అలా కాదు. నీళ్ళు కింది నుంచి పైకి ఎక్కి ఆవిరైపోతాయి, లవణం అక్కడే మిగిలిపోతుంది. రోజూ పోసేది 14 పీపీఎం వాన నీళ్ళే అయినా, ఎండాకాలం నాలుగు నెలలకి అదెంతౌతుందో ఊహించుకోండి. ఒకసారి పళ్ళెంలో మిగిలిన నీళ్ళు కొలిస్తే 210 వచ్చింది. ఇప్పుడు నెలకోసారి పళ్ళెం తీసేసి, పైనుంచి వాన నీళ్ళు ధారాళంగా పోసి కడిగేస్తాను. ముతక ఇసుక ఉంది కాబట్టి ఆ నీళ్ళు ఆగకుండా దిగుతాయి. నీళ్ళు బయటికి పోవడం నిజంగా అక్కరకొచ్చేది ఆ ఒక్క రోజే.

ఈ ఆగస్టులో అన్నీ కుండీలు మార్చాను. ముతక సిలికా కలిపిన మిశ్రమం పద్నాలుగు నెలల తర్వాత కూడా చేత్తో నలిపితే విడివిడిగా రాలింది. వాసన అడవి నేల వాసనే. ఫ్లైట్రాప్ ఒకటి నాలుగైంది, వేళ్ళు నల్లగా, పొడవుగా ఉన్నాయి. దాని వేళ్ళ రంగే నలుపు, కుళ్ళిపోయాయని కంగారుపడకండి, నేను పడ్డాను. నెపెంథిస్ కుండీలోనే తేడా వచ్చింది. పెర్లైట్ చెక్కుచెదరలేదు గానీ కొబ్బరి చిప్స్ మెత్తబడి, అడుగున ముద్దకట్టాయి. తేమలో అవి ఏడాదికి మించి నిలవవన్నమాట. వాటి బదులు ప్యూమిస్ వేద్దామని కిలో తెప్పించాను. అదీ అగ్నిపర్వతాల రాయే, పెర్లైట్ అంత తేలిక కాదు, కుళ్ళదు. కాకపోతే కాక్టస్‌ల వాళ్ళ కోసం అమ్మే సరుకు, ఎక్కడ తవ్విందో, ఏం కలిసిందో సంచీ మీద లేదు.

రాత్రి ఒక గ్లాసులో నానబెట్టి గట్టు మీద పెట్టాను. పక్కన చీటీ కూడా పెట్టాను: "మామయ్యా, ఇది కాఫీ కాదు."